మన్ను త్రవ్వించుటకు ముందు



మన భాషలో త్రవ్వకమును గూర్చిన సామెతలు తక్కువ కావు. ప్రయాసకు తగిన ఫలము లేని పనిని చూచి "కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు" అని నవ్వుదుము. ముందుచూపు లేనివానిని "దప్పికైనప్పుడు బావి త్రవ్వినట్లు" అని మందలింతుము. కీడు తలపెట్టువానిని "ఎవరు త్రవ్విన గోతిలో వారే పడుదురు" అని హెచ్చరింతుము. ఇల్లు కట్టదలచి, పునాదికో, నీటితొట్టికో, ఇంకుడుగుంతకో మన్ను త్రవ్వించు గృహస్థునకు ఈ మూడు సామెతలును వర్తించునని నేను అనుభవము మీద తెలిసికొంటిని. ఆ అనుభవమును మీకు చెప్పుటయే ఈ వ్యాసమునకు మూలము.

మన హోసూరు ప్రాంతమున ఇప్పుడు ఇండ్లు కట్టువారు చాలమంది. పొలములు స్థలములై, స్థలములు ఇండ్లగుచున్నవి. గోడలు లేపు మేస్త్రీని ఎన్నుకొనుటకు పదిమందిని విచారించు గృహస్థుడు, నేల త్రవ్వు కంట్రాక్టరును మాత్రము దారిలో కనబడిన పసుపుపచ్చని యంత్రమును చేయి యెత్తి నిలిపినంత సులభముగా కుదుర్చుకొనును. మన్ను త్రవ్వుటలో ఏమున్నదిలే అని అతని తలంపు. నేనును అట్లే తలంచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను చిన్న ఇల్లు కట్టబూనితిని. పునాది కాలువలు త్రవ్వుటకు ఒక పెద్దాయనను పిలిచితిని. ఆయన తాతముత్తాతల నాటినుండి మంటిపనియే వృత్తి. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బెంగళూరునకు పనికి పోయినప్పుడు కన్నడము మాటలాడును. ఏ భాషయు వ్రాయడు. ఆయన మనుమరాలు మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండెను. త్రవ్వుటకు ఇంత, మిగులు మంటిని ఊరి వెలుపలి నా బంధువుల తోటకు ట్రాక్టరుతో చేర్చుటకు బండికి ఇంత అని నోటిమాటగా ఒప్పందము చేసికొంటిమి. కాగితము లేదు.

పని ముగిసిన నాడు పెద్దాయన ఇరువది బండ్లకు కూలి అడిగెను. నేను కాలువ పొడవు, వెడల్పు, లోతు గుణించి, బండి పట్టు కొలతతో భాగించి చూచితిని. పదునారు బండ్లే వచ్చెను. నాలుగు బండ్లు ఎక్కడివి? చదువుకొన్నవాడనను గర్వమున, నలుగురు చూచుచుండగా, "లెక్క తెలియనివాడనని తలంచితివా?" అని పరుషముగా పలికితిని. ఆయన మారు పలుకలేదు. తలగుడ్డ దులిపి భుజముపై వేసికొని వెడలిపోయెను. ఆ మౌనము నన్ను ఆ రాత్రి నిద్రపోనీయలేదు. అయినను నా లెక్కయే సరియైనదని నమ్మియుంటిని.

మరునాడు ఉదయము ఆ బాలిక ఒక ఖాళీ నూనెడబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చెను. "సార్, ఒక్క సంగతి చూపిస్తాను, కోపము చేసుకోవద్దండి" అనెను. పెరటిలో, ఎన్నడును త్రవ్వని చోట, ఆ డబ్బా సరిగా దిగునంత గుంటను చక్కగా త్రవ్వెను. తీసిన మంటినంతయు ఒక గోనెపై పోసెను. పిమ్మట ఆ మంటిని డబ్బాలో నింపెను. డబ్బా అంచుదాక నిండెను. గోనెపై ఇంకను కొంత మన్ను మిగిలియుండెను. మిగిలినది ఇంచుమించు పావు డబ్బా.

"తాత ఏమంటాడో తెలుసా సార్? నేలలో ఉండే మన్ను నిద్దర పోతా ఉంటుంది. తవ్వితే మేలుకుంటుంది. మేలుకున్నోడికి మంచము చాలదు కదా, అంటాడు" అని ఆ బాలిక చెప్పినది.

నాకు సిగ్గు కలిగెను. నేను గుణించినది నిద్రించు మంటిని. బండ్లు మోసినది మేల్కొన్న మంటిని. నా లెక్కలో గుణకారము తప్పలేదు, తెలివి తప్పినది. వెంటనే పెద్దాయన ఇంటికి పోయి, నలుగురి ఎదుట అన్న మాటను నలుగురి ఎదుటనే వెనుకకు తీసికొని, ఇరువది బండ్ల కూలియు చెల్లించితిని. ఆయన నవ్వి, "అయివారూ, మీరు అడిగింది మంచిదే. అడగకుండా మనసులో పెట్టుకొంటే అదే గుంత" అనెను. ఆ దినమునుండి మంటిపనిని గూర్చి నేను ఆయన శిష్యుడనైతిని. ఆయన నోట విన్నదియు, పుస్తకములలో చదివినదియు కలిపి ఇచట వ్రాయుచున్నాను.

త్రవ్వువారెవరు?

దక్షిణదేశమున చెరువుకట్టలు వేయుట, బావులు త్రవ్వుట, రాయి కొట్టుట అను పనులలో తరతరములుగా ఆరితేరినవారు వడ్డెరలు. ఓడ్రదేశమునుండి వచ్చినవారగుటచే ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. తమిళనాట వారిని ఒడ్డరులనియు, కన్నడదేశమున భోవులనియు పిలుతురు. రాతిపని చేయువారు, మంటిపని చేయువారు అని వారిలో రెండు తెగలు కలవు. పనిని వెదకికొనుచు తమిళ కన్నడ దేశములకు పోయి స్థిరపడిన ఈ కుటుంబములలో పలువురు నేటికిని ఇంట తెలుగే పలుకుదురు. మనము త్రాగిన చెరువునీటి వెనుక వారి చెమట కలదు. అట్టివారి పనిని "మట్టిపనియే కదా" యని చులకన చేయుట మనకు తగదు.

నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో తెలుగున ఎన్నో కఠినపదములు నేర్చితిని గాని, నేలను గూర్చిన మాటలు నేర్వలేదు. గరుసు, సుద్ద, చట్టు, గుండు, ఊట, దాపు మొదలగు మాటలకు సరియైన అర్థమును ఈ పెద్దాయన వద్దనే తెలిసికొంటిని. మన్ను అను మాట మూడు భాషలలోను ఇంచుమించు ఒక్కటే. మన గడ్డపార తమిళమున కడప్పారై. మన గుద్దలి కన్నడమునను గుద్దలియే. పనిముట్టు చేతులు మారినట్లే మాటయు నోళ్లు మారినది.

మనుష్యులా, యంత్రమా?

నేడు త్రవ్వకమునకు ఎక్కువగా జె.సి.బి. యను యంత్రమును పిలుచుచున్నారు. అది యంత్రము పేరు కాదు; 1945లో ఇంగ్లండున దానిని స్థాపించిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని మొదటి అక్షరములు. మన దేశమున 1979లో ఢిల్లీ సమీపమునగల బల్లభ్‌గఢ్‌లో ఆ సంస్థ యంత్రముల తయారీ ఆరంభమైనది. ముందు పెద్ద తొట్టి, వెనుక పొడవైన చేయి గల ఈ యంత్రము సుమారు 15 అడుగుల లోతువరకు త్రవ్వగలదు. పదిమంది ఒకదినము చేయు పనిని కొద్ది గంటలలో ముగించును.

అయినను యంత్రము అన్నిచోట్లను మేలు కాదు. దాని వెనుక తొట్టి వెడల్పు సుమారు రెండు మూడడుగులు. రెండడుగుల కాలువ కావలసినచోట మూడడుగుల తొట్టి పెట్టినచో, అదనముగా త్రవ్విన అడుగును రాతితోనో కాంక్రీటుతోనో నింపవలసివచ్చును. త్రవ్వకమున మిగిలినది కట్టుబడిలో పోవును. యంత్రము బరువు ఏడు టన్నులకు పైమాట. పాతబావి ఒడ్డుననో, మరుగుదొడ్డి తొట్టి మూతపైననో అది ఎక్కినచో కూలుట నిశ్చయము. ఇరుకు సందులలో, పొరుగుగోడ ప్రక్కన, నీటిగొట్టములున్న చోట మనుష్యుల చేతిపనియే శ్రేయస్కరము. పెద్ద భాగము యంత్రముతో త్రవ్వించి, చివరి అడుగును, మూలలను, అంచులను మనుష్యులచే సరిచేయించుట మధ్యేమార్గము.

యంత్రమునకు కూలి గంటల లెక్కన ఉండును. కావున గంట ఎప్పుడు మొదలగును, బయలుదేరినప్పుడా, త్రవ్వ మొదలిడినప్పుడా? తక్కువలో తక్కువ ఎన్ని గంటలకు చెల్లింపవలెను? డీజిలు ఎవరిది? యంత్రము చెడి నిలిచినచో ఆ కాలము ఎవరి లెక్క? ఈ నాలుగు ప్రశ్నలను ముందే అడుగవలెను. పని మొదలునను, చివరను యంత్రములోని గంటల మీటరును చూచి వ్రాసికొనుట మంచిది.

కొలత రెండు వైపులకు న్యాయము

గంటల లెక్క కాక, ఘనపుటడుగుల లెక్కన పని ఇచ్చినప్పుడు కొలతయే ప్రాణము. విద్యార్థులు ఇచట కొంచెము శ్రద్ధ వహింపవలెను.

ఒక ఇంటి నాలుగు గోడల నడిమి గీతలు 30 అడుగులు, 20 అడుగులు అనుకొందము. కాలువ వెడల్పు 3 అడుగులు, లోతు 4 అడుగులు. నడిమి గీత చుట్టుకొలత 100 అడుగులు. 100ను 3తోను, 4తోను గుణింపగా 1200 ఘనపుటడుగులు. ఇదియే నిజమైన త్రవ్వకము.

ఇప్పుడు ఒకడు వెలుపలి అంచులవెంట టేపు పట్టెననుకొనుడు. భుజములు 33, 23 అడుగులగును, చుట్టుకొలత 112, ఘనపరిమాణము 1344. త్రవ్వని 144 ఘనపుటడుగులకు గృహస్థు కూలి ఇచ్చును. మరియొకడు లోపలి అంచులవెంట పట్టినచో భుజములు 27, 17, చుట్టుకొలత 88, ఘనపరిమాణము 1056. ఇప్పుడు త్రవ్విన 144 ఘనపుటడుగులకు కూలివాడు కూలి పోగొట్టుకొనును. ఈ 144 ఎక్కడిది? నాలుగు మూలలలో ఒక్కొక్క మూల 3 అడుగులు పొడవు, 3 అడుగులు వెడల్పు, 4 అడుగులు లోతు, అనగా 36. నాలుగు ముప్పదియారులు 144. మూలలను రెండుమారులు లెక్కించినచో ఒకరికి నష్టము. అసలే లెక్కింపకున్నచో మరియొకరికి నష్టము. నడిమి గీత పట్టినచో ఇరువురికిని న్యాయము.

ఇక నా కథలోని లెక్క. బండి లోపలి కొలత 10 అడుగులు, 5 అడుగులు, ఒకటిన్నర అడుగు. అనగా 75 ఘనపుటడుగులు. 1200ను 75చే భాగింపగా 16 బండ్లు. కాని త్రవ్విన మన్ను పొంగును. ఇసుకనేల తక్కువగాను, బంకనేల ఎక్కువగాను పొంగును. సామాన్యమైన నేలకు నాలుగవవంతు అనుకొనవచ్చును. 1200నకు నాలుగవవంతు 300 కలుపగా 1500. దానిని 75చే భాగింపగా సరిగా 20 బండ్లు. పెద్దాయన ఒక్క తట్ట మంటినైనను ఎక్కువ చెప్పలేదు.

ఈ పొంగునకు మారుముఖము కూడ కలదు. మంటిని తిరిగి గుంటలో పోసినప్పుడు మొదట ఎత్తుగా కనబడి, ఒక వానకాలము గడచునప్పటికి క్రుంగిపోవును. పైన వేసిన గచ్చు పగులును. కావున పూడ్చునప్పుడు 20 సెంటీమీటర్లకు మించని పొరలుగా పోసి, ఒక్కొక్క పొరను తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టవలెను.

కొలతమాటలయందు మరియొక చిక్కు కలదు. తమిళనాట ఇసుక, మన్ను, జల్లి అమ్మువారు "యూనిట్టు" అనినచో 100 ఘనపుటడుగులు. బెంగళూరు వైపు కట్టుబడివారు "చదరము" అనినచో 100 చదరపుటడుగులు. ఒకటి పరిమాణము, రెండవది వైశాల్యము. సరిహద్దున నివసించు మనకు రెండు మాటలును చెవిని పడును. ఏ మాట వాడినను దానిప్రక్కన అడుగులలో కొలత వ్రాయించుకొనవలెను.

సాక్షిదిబ్బలు

మిట్టపల్లములుగల స్థలమును చదును చేయించునప్పుడు లోతు అన్నిచోట్ల ఒక్కటి కాదు. త్రవ్విన పిమ్మట పూర్వపు నేల ఎంత ఎత్తున నుండెనో చెప్పగలవారెవరు? ఇందులకు పూర్వులు చక్కని ఉపాయము కనిపెట్టిరి. త్రవ్వునప్పుడు అక్కడక్కడ కొంత నేలను త్రవ్వక, గడ్డి మొలచిన తలతోనే, స్తంభమువలె నిలుపుదురు. వీనిని సాక్షిదిబ్బలనవచ్చును. కూలి తేలినదాక వానిని కదల్పరాదు. వాని ఎత్తులను కొలిచి, సగటు కట్టినచో లోతు తెలియును. మనుష్యసాక్షి మాట మార్చవచ్చును గాని ఈ మంటిసాక్షి మార్చదు. అయితే ఎత్తైన చోట్ల మాత్రమే దిబ్బలు నిలిపినచో సగటు పెరుగును. పల్లపుచోట్ల మాత్రమే నిలిపినచో తగ్గును. ఎచట నిలుపవలెనో ఇరువురును కలిసి గుర్తు పెట్టవలెను.

త్రవ్విన మంటిని ఎంతదూరము మోయవలెను, ఎంత లోతునుండి ఎత్తవలెను అనునవియు కూలిని మార్చును. కేంద్ర ప్రజాపనుల శాఖవారి లెక్కలో 50 మీటర్ల దూరము, ఒకటిన్నర మీటరు ఎత్తు మామూలు కూలిలో చేరియుండును. అంతకు మించినదానికి వేరుగా కట్టుదురు. ఇంటిపనిలోను ఇట్టి హద్దును ముందే ఏర్పరచుకొనుట మేలు.

నేల స్వభావము

మన ప్రాంతమున పైన ఎఱ్ఱమన్ను, దానిక్రింద గులకరాయి కలిసిన గట్టి గరుసు, అటుపైన చట్టురాయి తగులుట సామాన్యము. రెండడుగులు మెత్తగా వచ్చినదని మొత్తమునకు ఒకేధర మాటలాడుకొని, మూడవ అడుగున చట్టు తగులగానే తగవు మొదలగును. కావున మన్ను, గరుసు, మెత్తని రాయి, గట్టిరాయి అని వేరువేరుగా ధరలు నిర్ణయింపవలెను. పని ఒప్పుకొనుటకు ముందు స్థలములో రెండు మూడు చోట్ల చిన్నగుంటలు త్రవ్వించి చూచినచో నేల తన గుణమును తానే చెప్పును. గట్టిరాయి తగిలినప్పుడు లైసెన్సు లేనివారిచే మందు పెట్టి పేల్పించుట నేరము, ప్రాణాపాయము కూడ. ఉలులతో, పగులగొట్టు యంత్రముతో, ఓపికతో తీయింపవలెను.

బళ్ళారి వైపు మన బంధువుల ఊళ్లలో రేగడినేల. అది తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువారును. అచట పునాది లోతును ఇంజనీరును అడుగక నిర్ణయింపరాదు. ఏ నేలయైనను సంక్రాంతి గడచినది మొదలు ఎండకాలపు వానలు పడులోపల త్రవ్వించుట మంచిది. త్రవ్విన కాలువ వానలో తడిసినచో అడుగు బురదయై బలము చెడును. మొదటి జానెడు పైమంటిని వేరుగా పోయించిన అది తోటకు ఉపయోగపడును.

ప్రాణభయము

ఇంతవరకు చెప్పినది ధనమును గూర్చి. ఇక చెప్పబోవునది ప్రాణమును గూర్చి.

కాలువ ఒడ్డు చూచుటకు గోడవలె నిలిచియుండును. కాని ఒక ఘనమీటరు మన్ను ఒకటిన్నర టన్నుకు పైగా తూగును. అది విరిగి ఛాతీదాక పూడ్చినను మనుష్యుడు ఊపిరాడక మరణింపవచ్చును. అందుచేతనే ప్రజాపనుల నియమములు ఇట్లు చెప్పుచున్నవి: ఒకటిన్నర మీటరు, అనగా సుమారు అయిదడుగులు, లేక అంతకుమించిన లోతుగల కాలువకు ఒడ్లను మెట్లుగానో వాలుగానో కోయవలెను, లేదా పలకలతోను దూలములతోను దాపు పెట్టవలెను. 1.2 మీటర్ల లోతు దాటినచో లోపల నిచ్చెన ఉండవలెను. తీసిన మంటిని ఒడ్డునకు ఒకటిన్నర మీటరు, లేక లోతులో సగము, ఏది ఎక్కువయైన అంతదూరమున పోయవలెను. పైనుండి క్రిందికే త్రవ్వవలెను గాని ఒడ్డు అడుగున తొలిచి పైభాగమును కూల్పరాదు. దాపు కూలిని మిగుల్చుకొనజూచు గృహస్థు తన ఇంటి పునాదిలో ఏమి పూడ్చుచున్నాడో తలంచుకొనవలెను.

పొరుగువారి గోడ ప్రక్కన లోతుగా త్రవ్వుట మరియొక ప్రమాదము. ప్రక్కనేల ఇచ్చు ఆనికను పొందు హక్కు ప్రతి భూస్వామికిని కలదని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము చెప్పుచున్నది. పని మొదలిడుటకు ముందు పొరుగువారిని పిలిచి, వారి గోడలోని పాతబీటలను ఇరువురును చూచి, తేదీతో ఛాయాచిత్రములు తీసికొనుడు. పిమ్మట గోడ ప్రక్కన ఒకేమారు పొడవునను త్రవ్వక, కొంతకొంత త్రవ్వి, కట్టి, ముందుకు సాగుడు.

నేల అడుగున నీటిగొట్టములు, విద్యుత్ తీగెలు, టెలిఫోను తీగెలు ఉండవచ్చును. త్రవ్వుచుండగా ఒక వరుసగా పరచిన ఇటుకలుగాని, రంగు పట్టీగాని కనబడినచో తక్షణమే ఆపుడు. దానిక్రింద విద్యుత్ తీగె ఉండవచ్చును. త్రవ్వు సంస్థలు ఆయా శాఖలకు ముందుగా తెలుపుటకై "కాల్ బిఫోర్ యు డిగ్" అను సెల్‌ఫోను సాధనమును 2023 మార్చిలో కేంద్రప్రభుత్వము ప్రవేశపెట్టినది. సందేహమున్నచో స్థానిక విద్యుత్ కార్యాలయమును, పంచాయతీని విచారించుట గృహస్థు ధర్మము.

మరుగుదొడ్డి నీరింకు గుంటను త్రాగునీటి బావికి కనీసము 18 మీటర్ల దూరమున త్రవ్వింపవలెను. పాత మరుగుదొడ్డి తొట్టిలోనికి మనుష్యుని రక్షణసాధనములు లేక దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. అందులోని విషవాయువు కంటికి కనబడక క్షణములో ప్రాణము తీయును. యంత్రమును మాత్రమే పిలువుడు.

చిన్నపిల్లలున్న తల్లులారా! తెరచిన గుంటకు సెలవుదినము లేదు. పని ఆగిన సాయంకాలమే దానిచుట్టు కంచె కట్టింపుడు. గొట్టపుబావులలో పసిబిడ్డలు పడుట చూచి సర్వోన్నతన్యాయస్థానము 2010లో కొన్ని ఆజ్ఞలు చేసినది. త్రవ్వుటకు 15 దినములు ముందు అధికారులకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. చుట్టు కంచె, హెచ్చరిక పలక ఉండవలెను. గొట్టమునకు ఉక్కు మూత బిగింపవలెను. విడిచిన బావిని అడుగునుండి పైవరకు పూడ్చవలెను. అయినను 2019 అక్టోబరులో మన రాష్ట్రమునందే, తిరుచిరాపల్లి జిల్లాలో, రెండేండ్ల పసివాడు విడిచిన గొట్టపుబావిలో పడి మరణించెను. ఒక మూత ఖరీదు ఎంత? పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుటయు, పదునెనిమిదేండ్లలోపు వారిని అపాయకరమైన పనిలో దింపుటయు చట్టవిరుద్ధములని కూడ జ్ఞాపకముంచుకొనుడు.

నేలలో దొరకినది

త్రవ్వుచుండగా పాతకుండలు, నాణెములు, చెక్కిన రాళ్లు బయటపడినచో పని నిలుపుడు. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినచో కలెక్టరుకు వ్రాసి తెలుపవలెనని 1878 నాటి చట్టము. మన కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారైలో దొరకిన ఇనుము నాలుగువేల సంవత్సరములకు పూర్వపుదని 2022లో ప్రకటించిరి. మన పెరటిలోని రాయి మన పెద్దల చేవ్రాలు కావచ్చును. మరియు, నింపుడునకు వాడు సామాన్యపు మంటిని సైతము కేంద్రప్రభుత్వము 2000లో చిన్న ఖనిజములలో చేర్చినది. కావున మిగులు మంటిని అమ్మదలచినను, దూరము తరలింపదలచినను, ముందుగా గ్రామాధికారిని విచారింపుడు.

కాగితము

ఇప్పుడు ముఖ్యమైన మాట. పని మొదలిడుటకు ముందు ఒక్క పుట కాగితముపై ఈ యెనిమిది సంగతులు వ్రాయుడు:

1. ఏ స్థలమున, ఎంత పొడవు, వెడల్పు, లోతు. కొలత నడిమి గీతపైననా, కాదా.
2. మన్ను, గరుసు, మెత్తని రాయి, గట్టిరాయి, వీనికి వేరువేరు ధరలు.
3. కూలి గంటకా, ఘనపుటడుగునకా, మొత్తమునకా.
4. మిగులు మన్ను ఎక్కడికి. బండి లోపలి కొలత ఎంత. నేలలోని కొలతా, బండిలోని కొలతా.
5. ఊటనీరు వచ్చినచో తోడించుట ఎవరి వంతు.
6. దాపు, నిచ్చెన, కంచె ఎవరు పెట్టవలెను.
7. పొరుగుగోడకో, గొట్టములకో నష్టము కలిగినచో బాధ్యత ఎవరిది.
8. ముందు ఎంత, నడుమ ఎంత, కొలిచిన పిమ్మట ఎంత చెల్లింపవలెను. పని ఎన్ని దినములలో ముగియవలెను.

మొత్తము కూలిని ముందే ఇచ్చివేయరాదు. పని ముగిసి, కొలత తేలిన పిమ్మట ఒక్కదినమైనను బిగబట్టరాదు. మరియు కాలువను నింపకముందే ఇరువురును కలిసి కొలువవలెను. పూడ్చిన గుంటను కొలుచుటకు దేవునికి తప్ప ఎవరికిని సాధ్యము కాదు.

ఈ కాగితమును ఏ భాషలో వ్రాయవలెను? గృహస్థు తెలుగు చదువును. కంట్రాక్టరు తమిళము చదువును, లేదా ఏదియు చదువడు. కావున ఎడమవైపు తెలుగునను, కుడివైపు తమిళమునను వ్రాసి, బిగ్గరగా చదివి వినిపించి, ఇరువురును సంతకములు చేయవలెను. విద్యార్థులారా, ఇట్లు వ్రాయగలవారు ఊరిలో ఎవరు? మీరే. రెండు లిపులును, క్షేత్రగణితమును తెలిసినవారు మీరే. తెలుగు చదివి ఏమి లాభమని మిమ్ము అడుగువారున్నారు. పద్యము చదువుటకు, పండుగనాడు పాట పాడుటకు మాత్రమే మిగిలిన భాష కొంతకాలమునకు అటుకపై పెట్టిన ఇత్తడిబిందె యగును. కూలి లెక్కకును, ఇంటి ఒప్పందమునకును, ఒక పేదవాని మాట నిలుపుటకును పనికివచ్చిన భాష ప్రతిదినము నీరు మోయు బిందెవలె తళతళలాడును.

నా ఇల్లు లేచినది. గృహప్రవేశమునాడు పెద్దాయనను పిలిచి పీటవేసి కూర్చుండబెట్టితిని. ఆయన గోడలవంక చూడలేదు. వంగి గడపక్రింది నేలను అరచేతితో తట్టి చూచెను. ఆ నూనెడబ్బా నేటికిని మన పాఠశాల గణితపు గదిలో ఉన్నది. ప్రతి సంవత్సరము తొమ్మిదవ తరగతివారు దానిని పెరటికి తీసికొనిపోయి, గుంట త్రవ్వి, మంటిని మేలుకొలిపి చూచుచున్నారు. మీ ఇంట పునాది త్రవ్వించునాడు మీరును ఒక డబ్బా తీసికొని చూడుడు. మీ తండ్రిగారు తొందరపడి ఒకరిని దొంగయనుటకు ముందే మీ లెక్క తేలవలెను.